మంచిగున్న అన్న రెక్క

విమానానికి మొట్టమొదటిసారి మాట వచ్చినప్పుడు అది "మంచిగున్న" అంది. అదీ అచ్చం కొమురెల్లి గొంతుతో అంది.

హాంగర్లో ఉన్న పదకొండు మందీ కొమురెల్లి వైపు తిరిగారు. నిచ్చెన మీద నిలబడి రూపాయి బిళ్ళతో విమానం తోకను తడుతున్న కొమురెల్లి, "నేనేమన్లే," అన్నాడు. విమానం మళ్ళీ "మంచిగున్న" అంది. ఆయన నిచ్చెన దిగాడు. విమానం చుట్టూ నిదానంగా ఒక ప్రదక్షిణ చేశాడు. చేసి, కంప్యూటర్ ముందు తల వంచుకుని నవ్వు ఆపుకుంటున్న కూతురి దగ్గర ఆగాడు.

"నీ పనేనా?"

"నాదే బాపు. మొన్న తినేటప్పుడు ఎట్లున్నవని అడగలే? ఫోన్ల పట్టుకున్న."

"తినేటోని గొంతు దొంగతనం చేస్తవా? నోట్లె పప్పన్నం ఉండంగ అన్న మాటది."

నిజమే. జాగ్రత్తగా వింటే విమానం నోట్లో పప్పన్నం వినిపిస్తోంది.

డైరెక్టర్ ఫణిభూషణం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మాయ్, దాన్ని ‘స్థితి సక్రమం’ అని కదా అనమన్నాను?"

"అన్నది గదా సార్. తెలుగుల అన్నది."

నవనీతకు ఇరవై ఏడేళ్ళు. ఇంజనీరింగులో ఒక బంగారు పతకం ఉంది. అల్లరికి పతకాలు ఇవ్వరు కాబట్టి అది లేదు. ఆమె ల్యాబులో చేరిన మూడేళ్ళలో, కుర్చీని ముందు చేత్తో తడిమి చూసుకోకుండా కూర్చునే మనిషి అక్కడ మిగల్లేదు. ఫణిభూషణం గారైతే బయట పెళ్ళిళ్ళలో కూడా కుర్చీని తడిమి చూసుకుంటున్నారని, వియ్యాలవారు అపార్థం చేసుకుంటున్నారని వాళ్ళావిడ ఫిర్యాదు.

హైదరాబాదు శివార్లలో, ఎవరూ వాడని ఒక పాత రన్‌వే పక్కన ఉంది ఆ ల్యాబు. దానికి ఉన్నది ఒక్కటే విమానం. రెండు పంకాలది, ముసలిది. అందరూ దాన్ని బర్రె అంటారు. ఎగరడంలో దానికి పెద్ద పేరు లేదు కానీ వణకడంలో పోటీ లేదు. ఇంజన్ వేస్తే పక్క ఊళ్ళో చల్ల చిలకాల్సిన పని ఉండదని, వెన్న దానంతటదే తేలుతుందని చెప్పుకుంటారు. ల్యాబు వాళ్ళకు కావాల్సింది ఆ వణుకే.

బర్రెను నడపడానికి కొత్తగా వచ్చిన కెప్టెన్ ఝాన్సీ తెనాలి మనిషి. మొదటి రోజు టీ బల్ల దగ్గర నవనీత అరచేతిలో గోరంత నల్లటి రేకును చూసి, "ఇదేంటే, బొట్టుబిళ్ళా?" అంది.

"జలగ అక్కా. రక్తం బదులు వణుకు తాగుతది. మీరు మాట్లాడుకుంట ఉండుండ్రి."

నవనీత దాన్ని బల్లకు అతికించింది. ఝాన్సీకి మాట్లాడమని ఎవరూ రెండోసారి చెప్పక్కర్లేదు. తన అత్తగారి గురించి మొదలుపెట్టింది. రెండో ఆడపడుచు దగ్గరికి వచ్చేసరికి ఆవేశం ఎక్కువై బల్ల మీద గట్టిగా చరిచింది. మూలనున్న స్పీకరు, "మంచిగున్న" అంది.

"కడుపు నిండిందక్కా దానికి. నిండంగనే ఒక్క మాట రేడియోల చెప్తది. చెప్పంగనే మళ్ళ ఆకలి."

"అంటే మా ఆడపడుచు సంగతి తాగి బతికిందా ఇది? గట్టి ప్రాణమే."

సంగతి అంతే. విమానం ఎక్కడ అరుగుతోందో, ఎక్కడ చిట్లుతోందో కనిపెట్టాలంటే వెయ్యి చోట్ల వెయ్యి కాపలాదార్లు కావాలి. వాళ్ళందరికీ వైర్లు లాగితే వైర్లే ఎగరాలి, మనుషులు దిగిపోవాలి. బ్యాటరీలు పెడితే అవి అయిపోయినప్పుడల్లా రెక్క విప్పాలి. జలగకు వైరూ వద్దు, బ్యాటరీ వద్దు. విమానం ఎలాగూ వణుకుతుంది. ఆ ఊరికే పోయే వణుకే దాని అన్నం. బర్రె రెక్కల మీద అలాంటివి అరవై నాలుగు అతికించారు. అరవై నాలుగూ కొమురెల్లి గొంతుతోనే మాట్లాడేవి. ఇంజన్ వేస్తే హాంగరంతా అరవై నలుగురు కొమురెల్లిలు పప్పన్నం తింటున్నట్టు ఉండేది.

*

ఆ ఒక్క మాటనే నవనీత ఎందుకు ఎంచుకుందో ఎవరూ అడగలేదు. అల్లరి అనుకున్నారు.

వాళ్ళింట్లో "మంచిగున్న" అనేది మాట కాదు, గడియ. అది పడ్డాక తలుపు తెరుచుకోదు. నాలుగేళ్ళ కింద నవనీత అమ్మ లచ్చవ్వ ఒక నెలంతా మంచిగున్న, మంచిగున్న అంటూనే తిరిగింది. కాళ్ళు వాచినప్పుడు మంచిగున్న. అన్నం దిగనప్పుడు మంచిగున్న. చివరికి అంబులెన్సులో పడుకోబెట్టినప్పుడు డ్రైవరు ఎలా ఉందమ్మా అంటే, అతనికీ అదే చెప్పింది. నవనీత అప్పుడు పరీక్షల్లో ఉంది. నమ్మింది.

ఇప్పుడు ఆ గడియ బాపు చేతికి వచ్చింది.

ఇద్దరూ ఉండేది రెండో అంతస్తులో. ఈమధ్య కొమురెల్లి మెట్లెక్కుతూ సగంలో ఆగి, అక్కడ గోడకున్న క్యాలెండరు చదువుతున్నాడు. అమావాస్య ఎప్పుడో చూస్తున్నానంటాడు. రోజూ చూస్తాడు. ఆ క్యాలెండరు పోయిన ఏడాదిది.

"బాపు, దవాఖానకు పోదామా?"

"ఎందుకు?"

"ఊకెనే. చూపిచ్చుకుందాం."

"ఊకెనే పోతానికి అదేమన్న జాతరనా? నాకేమైంది, మంచిగున్న."

బతిమాలింది. అలిగింది. ఒకరోజు అన్నం మానేసింది. ఆయన మెచ్చుకుని, ఉపవాసం ఆరోగ్యానికి మంచిదన్నాడు. ఇక మామూలు దారులు లేవని తేలిపోయాక నవనీత తనకు బాగా వచ్చిన దారే పట్టింది.

"బాపు, కొత్త జిగురు వచ్చింది. చెమటకు ఊడుతదా లేదా చూడాలె. నీ ఛాతీ మీద ఒక జలగ పెడ్త."

"చెమట నీకు రాదా?"

"నాది ఏసీ చెమట బాపు. ఒరిజినల్ కావాలె."

కొమురెల్లి ఆమెను ఒక క్షణం చూశాడు. తర్వాత బనియను పైకెత్తి, ఎడమ పక్కన వేలు పెట్టి చూపించాడు. "ఈడ పెట్టు. గీడ మస్తు చెమట వడ్తది."

అలా అరవై ఐదో నంబరు జలగ కొమురెల్లి గుండె మీద కూర్చుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఛాతీ కాస్త అదురుతుంది. ఆ కాస్తే దానికి తిండి. ఇంట్లో ఫ్రిజ్ మీద చిన్న రేడియో డబ్బా పెట్టింది. పది నిమిషాలకోసారి డబ్బా "మంచిగున్న" అనేది. పెదవులతో అన్నది నమ్మలేం కానీ, గుండె అన్నది నమ్మొచ్చు కదా అనుకుంది నవనీత. ఆ రోజు చాలా నెలల తర్వాత కంటి నిండా నిద్రపోయింది.

*

కొమురెల్లి ముప్పై ఏళ్ళుగా విమానాలను తడుతున్నాడు. పుట్టింది కుమ్మరోళ్ళింట్లో. ఆరేళ్ళప్పటి నుంచే కుండను వేలి కణుపుతో కొట్టి, మంచిదో ఓటిదో చెప్పేవాడు. పెద్దయ్యాక హాంగర్లో హెల్పరుగా చేరితే, అక్కడి పెద్ద మేస్త్రీ రూపాయి బిళ్ళతో రెక్కను తట్టి వింటుంటే చూసి, "గింతేనా?" అన్నాడట. పైపొర లోపలి ఎముకకు గట్టిగా అంటుకుని ఉంటే టంగుమంటుంది. లోపల ఊడితే మొద్దుగా టప్ అంటుంది. బిళ్ళ కూడా ఆ కాలపుదే, పెద్ద రూపాయి. తట్టి తట్టి దాని మీద బొమ్మా బొరుసూ రెండూ అరిగి, ఇప్పుడది టాసు వేస్తే ఎవరూ గెలవని స్థితికి వచ్చింది.

జలగలు అతికించిన మర్నాడు కొమురెల్లి అలవాటుగా నిచ్చెనెక్కి రెక్కను తట్టాడు. టప్.

పక్కన తట్టాడు. టప్. ఇంకో జానెడు అవతల. టప్. రెక్కంతా తట్టుకుంటూ ఆ చివరి దాకా వెళ్ళాడు.

"పలుకుతలేదు బిడ్డా," అన్నాడు దిగి వచ్చి. ఆ గొంతు నవనీత ఎప్పుడూ వినలేదు. "రెక్క మూగదైంది."

వణుకంటే తిండి కదా వాటికి. బిళ్ళ దెబ్బకు పుట్టిన మోతను గాల్లోకి రాకముందే జలగలు తాగేస్తున్నాయి.

ఫణిభూషణం గారు మంచివారు. మంచివారు కాబట్టి ఆ సంగతి చెప్పడానికి నాలుగు రోజులు తిరిగి, చివరికి టీ గ్లాసును చూస్తూ చెప్పారు. "కొమురెల్లీ, వచ్చే నెల కమిటీ వాళ్ళొస్తారు. వాళ్ళు సరేనంటే ఇక చేత్తో తట్టే పరీక్ష ఉండదు. అప్పుడు నువ్వు... నీకూ విశ్రాంతి కావాలి కదా."

"మంచిదే సార్," అన్నాడు కొమురెల్లి.

అది విన్నాక మూడు రోజులు నవనీత ఎవరి కుర్చీలోనూ ఏమీ పెట్టలేదు. జనం భయపడి డాక్టరుకు చూపిస్తామన్నారు.

జలగల లెక్క మాత్రం జోరుగా నడిచింది. బర్రె ఎగిరి వచ్చినప్పుడల్లా ఏ జలగ ఎన్నిసార్లు మంచిగున్న అందో బోర్డు మీద రాసేవాళ్ళు. ఏది నోరు మూసుకుంటే అక్కడేదో చెడింది. ఏది ఎక్కువ మాట్లాడితే అది అంత బాగున్నట్టు. ఈ సంగతిని మూడు డాక్టరేట్లు, ఒక బంగారు పతకం కలిసి తేల్చాయి. మిగతావి ఒక్క ప్రయాణంలో రెండు వందల సార్లు అంటే, కుడి రెక్క మీది ముప్పై ఏడో నంబరు మూడు వందలంది. మరుసటి వారం నాలుగు వందల యాభై. ఆ పై వారం ఏడు వందలు.

నవనీత దానికి "ఉత్తమ జలగ" బిరుదు ప్రకటించింది. నిచ్చెన వేయించి, ముప్పై ఏడుకు కుంకుమ బొట్టు పెట్టి, చిన్న బంతిపువ్వు అతికించింది. లడ్డూలు పంచారు. ఫణిభూషణం గారు అయిదు నిమిషాలు మాట్లాడాల్సింది ఇరవై నిమిషాలు మాట్లాడి, అందరూ ముప్పై ఏడులా ఉండాలన్నారు. కమిటీకిచ్చే నివేదిక అట్ట మీద దాని ఫొటోనే వేయించారు.

"అమ్మాయ్, ఈ బోర్డు మీద అరవై ఐదు ఎక్కడిది? మనం అతికించింది అరవై నాలుగే కదా?"

"స్పేర్ సార్. అది గూడ మస్తు మాట్లాడుతుంది."

నిజమే. మొదటి వారం పది నిమిషాలకోసారి అన్నది, ఇప్పుడు మూడు నిమిషాలకోసారి అంటోంది. బాపు గుండె జోరు మీదుందని నవనీత మురిసిపోయింది. మనసులో దానికి రెండో బహుమతి కూడా ఇచ్చింది.

*

కమిటీ వచ్చే రోజు ఉదయం ఏడింటికి నవనీత టీ పెడుతోంది. ఫ్రిజ్ మీద డబ్బా నిమిషానికోసారి మంచిగున్న అంటోంది. కొమురెల్లి ముందు రెండు ఇడ్లీలున్నాయి. ఆయన వాటిని నాలుగు చేశాడు. నాలుగింటిని ఎనిమిది చేశాడు. తినడం మాత్రం మొదలుపెట్టలేదు.

ఆయనకు అది హాంగర్లో ఆఖరి రోజు కావచ్చు. ఆ మాట ఎత్తకుండా ఉండటానికి నవనీత గలగలా మాట్లాడుతోంది.

"ముప్పై ఏడు నిన్న ఎన్నిసార్లు చెప్పిందో ఎరికేనా బాపు? తొమ్మిది వందలు! ఒక్క గంటల. కమిటోళ్ళు చూసి పరేషాన్ కావాలె."

"ఎవలడిగిన్రు?"

"ఏం?"

"ఎట్లున్నవని దాన్ని ఎవలన్న అడిగిన్రా?"

"ఎవ్వలడగలే. దానంతటదే చెప్తది."

కొమురెల్లి ఇడ్లీ ముక్కను పక్కకు జరిపాడు. "అడగకుండ తొమ్మిది వందల సార్లు ఎవలు చెప్తరు బిడ్డా? మంచిగున్నోడు గమ్మున పని చేస్కుంటడు. మీ అమ్మ తీరు చూడలే? దినానికి ఒక్కపారి అంటుండె. ఆ ఆఖరి నెలల గంటకోపారి అన్నది. నాకు సమజ్ కాలే." పళ్ళెం అంచును వేలి కణుపుతో తట్టాడు. "ఓటికుండనే మోగుతది. నిండుకుండ తొణకదు."

నవనీత చేతిలో చక్కెర చెంచా అలాగే ఉండిపోయింది. టీ పొంగి స్టవ్ ఆరిపోయింది.

గట్టిగా ఉన్న చోట రెక్క తక్కువ వణుకుతుంది. లోపల ఊడిన చోట ఎక్కువ వణుకుతుంది. ఎక్కువ వణికితే జలగకు కడుపు తొందరగా నిండుతుంది. నిండితే మాట్లాడుతుంది. అది వారం వారం ఎక్కువ మాట్లాడుతోందంటే వారం వారం ఇంకాస్త ఊడుతోందని. వాళ్ళు దానికి బొట్టు పెట్టి లడ్డూలు పంచారు.

"బాపు, చెప్పులేస్కో!"

"టీ?"

"రెక్క ఊడుతుంది బాపు! ఝాన్సక్క ఎనిమిదింటికి ఎక్కుతది!"

*

ఫోన్ చేస్తే అక్కడ ఎవరూ ఎత్తలేదు. స్కూటరు మీద వాళ్ళు హాంగరు చేరేసరికి బర్రె బయట నిలబడి ఉంది. పంకాలు తిరుగుతున్నాయి. లోపల స్పీకర్లో అరవై నలుగురు కొమురెల్లిలు ఒకరి మీద ఒకరు పడి మంచిగున్న అంటున్నారు. కమిటీ పెద్దలు ముగ్గురు సమోసాలు తింటూ, చెవులు మూసుకోవాలో చట్నీ అందుకోవాలో తేల్చుకోలేక అవస్థ పడుతున్నారు.

నవనీత పరిగెత్తి వెళ్ళి విమానం ముందు చేతులు బార్లా చాపి నిలబడింది. ఝాన్సీ కాక్‌పిట్‌లోంచి చూసి ఇంజన్లు ఆపేసింది.

"సార్, ముప్పై ఏడు దగ్గర రెక్క ఊడింది. ఇయ్యాల ఎగరొద్దు."

ఫణిభూషణం గారు కమిటీ వైపు చూసి ఒక నవ్వు నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఇవాళ కూడానా? పోయిన ఏడాది ఆడిటింగు రోజున హాంగర్లో పాము ఉందన్నావు. నేను రెండు గంటలు బల్లెక్కి కూర్చున్నాను," అన్నారు.

మిగతావాళ్ళు కూడా నవ్వారు. మూడేళ్ళుగా నవ్వించిన మనిషి ఏడుపు ముఖం పెడితే అది ఇంకా పెద్ద హాస్యంలా ఉంటుంది. నవనీతకు జీవితంలో మొదటిసారి తన అల్లరి మీద తనకే కోపం వచ్చింది.

"మా అమ్మ మీద ఒట్టు సార్."

ఫణిభూషణం గారి నవ్వు ఆగిపోయింది. మూడేళ్ళలో ఆ పిల్ల ఎన్ని అబద్ధాలాడినా వాళ్ళమ్మ పేరు ఎప్పుడూ వాడలేదు.

ఝాన్సీ అప్పటికే దిగి వచ్చింది. "సార్, ఆ రెక్కతో గాల్లో ఉండేది మీ నివేదిక కాదండీ, నేను. బాబాయ్ చేత తట్టించండి."

"జలగలుంటే రెక్క పలకదు కదమ్మా?"

"పీకుదాం సార్," అంది నవనీత.

వేడి గాలి పెట్టి ముప్పై ఏడును, దాని చుట్టూ ఉన్న ఎనిమిది జలగలను పీకారు. బంతిపువ్వు కింద పడింది. కొమురెల్లి నిచ్చెన ఎక్కాడు. ఆరు మెట్లే. మూడో మెట్టు మీద ఆగాడు. అక్కడ క్యాలెండరు లేదు కాబట్టి రెక్కనే కాసేపు చదివాడు. తర్వాత పైకెళ్ళి, అరిగిన రూపాయి బిళ్ళ తీసి, చెవి దగ్గరగా పెట్టి తట్టాడు.

టంగ్.

నవనీతకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. రెక్కకు గొంతు తిరిగి వచ్చింది. నెల రోజుల తర్వాత బాపు ముఖంలో వెలుగు చూసింది.

టంగ్. టంగ్. జానెడు ఇవతల, టంగ్. ముప్పై ఏడు ఉన్న చోటికి వచ్చాడు.

టప్.

అక్కడే గుండ్రంగా తట్టుకుంటూ సుద్దముక్కతో గీత గీశాడు. అరచెయ్యి పట్టేంత గీత. ఒక కమిటీ పెద్ద సమోసాను కింద పెట్టేశాడు. పైరేకు విప్పి చూస్తే పొరకూ ఎముకకూ మధ్య జిగురంతా లేచిపోయి ఉంది. లోపలికి నాలుగు వేళ్ళు హాయిగా దూరాయి.

ఫణిభూషణం గారు పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయారు. తడిమి చూసుకోకుండా కూర్చున్నారు. "దీని ఫొటో అట్ట మీద వేయించాను," అన్నారు మెల్లగా. "అందరూ దీనిలా ఉండాలన్నాను."

విప్పిన రేకు మీది సుద్ద గీతను ఝాన్సీ వేలితో ముట్టుకుని, ఏమీ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం అదే మొదలు.

"మంచిగున్న," అంది స్పీకరు.

"మంచిగున్న. మంచిగున్న."

ఫణిభూషణం గారు తలెత్తారు. "ఇంజన్ ఆపేసి అరగంటయింది. వణుకు లేదు. జలగలన్నీ ఆకలితో పడుకుని ఉండాలి. ఇంకా ఎవరు మాట్లాడుతున్నారమ్మా?"

అందరూ స్పీకరు వైపు చూశారు. నవనీత ఒక్కతే నిచ్చెన వైపు చూసింది.

బాపు నిచ్చెన మీదే ఉన్నాడు. ఒక చేత్తో రెక్కను పట్టుకుని ఉన్నాడు. రెక్కను పరీక్షించడానికి పట్టుకున్న చెయ్యి కాదది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పెదవులు కదలడం లేదు. హాంగరు నిండా ఆయన గొంతే.

"మంచిగున్న. మంచిగున్న. మంచిగున్న."

బోర్డు మీద అరవై ఐదో నంబరు. మొదటి వారం పది నిమిషాలకోసారి. మూడో వారం మూడు నిమిషాలకోసారి. ఈ ఉదయం నిమిషానికోసారి. దానికి ఆమె రెండో బహుమతి ఇచ్చింది.

నవనీత నిచ్చెన మొదట్లోకి వెళ్ళి రెండు చేతులతో ఆయన పాదాలు పట్టుకుంది.

"బాపు. ఎట్లున్నవ్?"

"మంచిగు..."

ఆయనకంటే ముందే స్పీకరు ఆ మాటను పూర్తి చేసింది. కొమురెల్లి ఆగాడు. ముప్పై ఏళ్ళు పొరల లోపలి సంగతి విన్న మనిషి, తన గొంతును తానే విన్నాడు. ఆ గొంతులో పప్పన్నం ఉంది, నిజం మాత్రం లేదు.

"లేను బిడ్డా," అన్నాడు. "మంచిగ లేను."

నవనీతకు ఏడుపు రాలేదు. ఇన్ని నెలలుగా తడుతున్న తలుపు తెరుచుకున్నట్టనిపించింది. "దిగు బాపు. మెల్లగ. నేను పట్టుకున్న."

దిగుతూ ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "గిది జిగురు పరీక్ష కాదని నాకెరికే. నోటితోటి చెప్పరాలే. గిదన్న చెప్తదేమో అని ఉంచుకున్న."

*

ఆసుపత్రిలో డాక్టర్ సబీహా ఆయన్ను ముందుకు వంచి కూర్చోబెట్టింది. వీపు మీద ఎడమ చేతి వేలు ఆనించి, దాని మీద కుడిచేతి వేలితో తట్టింది. కొంచెం కిందికి జరిపి మళ్ళీ తట్టింది. చెవి ఒగ్గి వింది.

కొమురెల్లి చటుక్కున వెనక్కి తిరిగాడు. "మీరు గూడ కుమ్మరోళ్ళేనా డాక్టరమ్మా?"

"కాదు పెద్దాయనా. మా అబ్బా టైలర్."

"మరి తట్టుడెట్ల వచ్చింది?"

"కాలేజీల నేర్పిన్రు."

"మంచి కాలేజీ," అన్నాడు కొమురెల్లి, పూర్తి నమ్మకంతో. "పలుకుతుందా మరి?"

"కింద జర మొద్దుగ ఉంది. నీరు చేరింది."

గుండెలో ఒక తలుపు సరిగా పడటం లేదట. పంపిన రక్తంలో సగం వెనక్కి వస్తుంటే గుండె ఒక పనిని రెండుసార్లు చేస్తోంది. అందుకే అంత అదురు. అందుకే అరవై ఐదుకు అంత తిండి. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే ఏమీ చేయలేకపోయేవాళ్ళమంది డాక్టరమ్మ. ఇప్పుడు చేయగలమంది.

ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళే ముందు కొమురెల్లి కూతురి చేతిలో రూపాయి బిళ్ళ పెట్టాడు. "నేనొచ్చెదాంక నువ్వు తట్టు. నొక్కి కొట్టకు. కుండను లేపినట్టు కొట్టాలె, పగలగొట్టినట్టు కాదు."

ఆ వారంలోనే ఫణిభూషణం గారు కమిటీకి కొత్త నివేదిక రాశారు. అట్ట మీద ఫొటో లేదు. లోపల ఒక్కటే కొత్త నియమం: ఏ జలగ మరీ ఎక్కువగా బాగున్నానంటుందో, అక్కడికి ఒక మనిషి వెళ్ళి, దాన్ని పీకి, చేత్తో తట్టి అడగాలి. తట్టే మనిషి ఉద్యోగం తీసేయడానికి వీల్లేదని కింద పెద్ద అక్షరాల్లో రాశారు. కమిటీ పెద్దలు ఒప్పుకున్నారు. అయితే ఇక మీదట సమోసాలు తినే చోట స్పీకరు పెట్టొద్దని కోరారు.

ఆపరేషనైన అయిదో రోజు డాక్టరమ్మ అనుమతితో నవనీత కట్టు పక్కన జలగను మళ్ళీ అతికించింది. డబ్బాను కిటికీలో పెట్టి ఎదురు చూసింది. నిమిషం గడిచింది. మూడు నిమిషాలు. అయిదు. డబ్బా ఏమీ అనలేదు. తెలిసినా భయం వేసింది. ఇన్నాళ్ళూ మాటకు మోసపోయిన మనిషికి మౌనాన్ని నమ్మడం అంత తేలిక కాదు.

అందుకే తట్టి అడిగింది. భుజం మీద, కుండను లేపినట్టు.

"బాపు, ఎట్లున్నవ్?"

కొమురెల్లి కళ్ళు తెరిచాడు. చాలాసేపు ఆలోచించాడు. లోపలంతా ఒక్కో చోటా తట్టి వింటున్నట్టు ఆలోచించాడు.

"కుట్లు నొస్తున్నయి," అన్నాడు. "వీపు దురద వెడుతుంది. చాయ్ల చక్కెర లేదు. నర్సు ఇంజక్షన్ కొట్టుడు కాదది, మేకు దిగ్గొట్టినట్టు కొడుతుంది. గా పక్క మంచమాయన గురక పెడ్తే మన బర్రె నయం. ఇడ్లీ అయితే..." ఊపిరి తీసుకున్నాడు. "ఇడ్లీ గురించి మళ్ళ చెప్త."

నవనీత ఒక్క ముక్క పోకుండా వింది. అరవై ఆరేళ్ళ జీవితంలో బాపు చేసిన మొదటి ఫిర్యాదులవి. వింటుంటే కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ఆమె నవ్వుతోంది.

కిటికీలో డబ్బా, పదో నిమిషం నిండగానే, పప్పన్నం గొంతుతో తీరిగ్గా అంది. "మంచిగున్న."

కొమురెల్లి దానివైపు తల తిప్పి చూశాడు.

"నిన్నెవలడిగిన్రు?" అన్నాడు.